తేరుకున్నాక

గ్యాస్ పట్టి పడిపోయినవాడు కళ్లు తెరవగానే చుట్టూ ఉన్నవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. నా భయం అప్పుడే మొదలవుతుంది. భిలాయిలో ఉక్కు పనివాళ్లకు ఎన్నో ఏళ్లు ప్రథమ చికిత్స నేర్పాను. "నాకేం కాలేదు బాబాయ్, తల కాస్త దిమ్ముగా ఉంది, ఇంటికెళ్లి పడుకుంటా" అంటూ లేవబోయే కుర్రాణ్ణి మళ్లీ పడుకోబెట్టడం ఆ పనిలో అన్నిటికన్నా కష్టం.

బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో ఐదో వంతుకు అటూ ఇటూగా కార్బన్ మోనాక్సైడే. దానికి రంగూ వాసనా ఉండవు. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలిలో సగం వదలడానికే 4, 5 గంటలు పడుతుంది. మాస్కుతో నిండు ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. వేలికి తగిలించే ఆక్సీమీటరును ఇక్కడ నమ్మకూడదు. అది మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా మంచి రక్తంగానే లెక్కేస్తుంది. 98 కనిపించిందని మాస్కు తీయొద్దని ప్రతి క్లాసులో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి.

ఆక్సిజన్ అందక అల్లాడిన కణానికి అది తిరిగొచ్చే ఘడియ కూడా గండమే. వచ్చినదాంట్లో కొంత రాడికల్స్‌గా మారి కణం పొరను తినేస్తుంది. తెల్లకణాలు సన్నని నాళాల గోడలకు అతుక్కుని వాపు తెస్తాయి. అలాగని ఆక్సిజన్ ఆపకూడదు, అది లేకపోతే మనిషే దక్కడు. కాలు చాలాసేపు దిమ్మె కింద నలిగినా ఇలాంటి ప్రమాదమే. బరువు ఎత్తగానే రక్తం మళ్లీ పారి, నలిగిన కండలోని పొటాషియాన్ని గుండెకూ, కండకు రంగునిచ్చే పదార్థాన్ని కిడ్నీలకూ మోసుకుపోతుంది. 1941లో లండన్ బాంబుదాడుల శిథిలాల నుంచి తీసినవాళ్లలో బైవాటర్స్ అనే డాక్టరు ఇది గమనించి రాశాడు. అలాంటివాళ్లు మొదట తేరుకున్నట్టే కనిపించి, వారం తిరిగేసరికి కిడ్నీలు పనిచేయక చనిపోయారు.

2014 జూన్ 12న మా ప్లాంటులో గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయారు. ఆ రోజు తర్వాత నా పాఠంలో బతికినవాళ్ల గురించే ఎక్కువ చెప్పాను. గ్యాస్ పట్టి కోలుకున్నవాళ్లలో కొందరికి వారాల తర్వాత మతిమరుపు, చిరాకు, నడకలో తడబాటు మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు డ్యూటీ అలసట అనుకుంటారు. అందుకే ఆ ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడేవాణ్ణి. "నలభై రోజులు కనిపెట్టుకుని ఉండమ్మా, మాటలో తేడా వస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు" అనేవాణ్ణి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి గోడ క్యాలెండరు మీద రోజూ సున్నా చుట్టింది. నలభయ్యో సున్నా చుట్టేదాకా కొడుకు చేతికి సైకిలు ఇవ్వలేదు.