పోగు వెంట పెరూ దేశయాత్ర

పడమట పసిఫిక్ సముద్రపు టంచున వాన యెఱుగని ఇసుకనేల, దానికి వెనుక మంచుతో మెఱయు ఆండీస్ పర్వతపంక్తి, ఆ పర్వతములకు తూర్పున అమెజాన్ ఉపనదులు పాఱు మహారణ్యము, ఈ మూడును ఒక్క దేశపు పొలిమేరలలో ప్రక్కప్రక్కన నుండుటచేత, పెరూ దేశమును మూడునాలుగు వారములపాటు మార్గదర్శకుని వెంట చూడబోయిన యాత్రికునకు మొదటి వారమున కలుగునది ఆశ్చర్యము, రెండవ వారమున కలుగునది కలవరము. నిన్న వినిన రాజుల పేర్లు నేడు వినిన పేర్లతో కలిసిపోవును. ఏ శిథిలము ఏ జాతివారిదో, ఏ శతాబ్దిదో తెలియక, మాచు పిచ్చు చేరునాటికి అతడు ఛాయాచిత్రములు తీసికొనుటతోనే తృప్తిపడును. ఈ దేశమున అన్ని నేలలను, అన్ని కాలములను ఒకదానితో నొకటి ముడివైచునది నేతపని యని నా తలంపు. తీరభూమి పత్తిని ఇచ్చినది, పర్వతము ఉన్నిని ఇచ్చినది, అరణ్యము చిత్రవర్ణములైన పక్షియీకలను ఇచ్చినది; మూడును ఒకే వస్త్రమున కలిసినవి. అట్టి విద్యకు యాత్రాసంస్థలు సాధారణముగ కేటాయించునది బస్సు ఆగిన ఒక గంట మాత్రమే. అది న్యాయము కాదు.

లీమా నగరమునుండి మొదలుపెట్టుదము. 1535లో ఫ్రాన్సిస్కో పిజారో స్థాపించిన యీ రాజధానిలో చర్చీలను, రాజభవనములను చూపుటకు మార్గదర్శకులు తొందరపడుదురు గాని, తొలి దినములలోనే తీరికగ చూడదగినవి రెండు మ్యూజియములు: రఫాయెల్ లార్కో హోయ్లే 1926లో నెలకొల్పినది ఒకటి, జపానునుండి వచ్చి యిచ్చట స్థిరపడిన యోషితారో అమానో పేర వెలసిన ప్రాచీన వస్త్రముల మ్యూజియము రెండవది. ఉత్తర తీరమున వాకా ప్రియేటా అను దిబ్బను 1946–47లో త్రవ్విన జూనియస్ బర్డ్ అను అమెరికన్ పురాతత్త్వవేత్తకు, కుండ చేయుట యింకను తెలియని కాలపు నూలుగుడ్డల తునుకలు దొరకినవి. మగ్గము లేకయే వ్రేళ్ళతో పోగులను పెనవైచి చేసిన ఆ గుడ్డలు రంగు మాసి మట్టివన్నెకు తిరిగియుండగా, ఆయన ఒక్కొక్క పోగు నడచిన దారిని గుర్తించి, ఒకదానిపై రెక్కలు చాచిన కాండోర్ రాబందు రూపమున్నదని నిరూపించెను. ఆ దిబ్బలోని తునుకలలోనే సుమారు 6,000 ఏండ్లనాటి నీలిమందు జాడ బయటపడినట్లు 2016లో ప్రకటించిరి; నీలి అద్దకపు వస్త్రములలో ఇంతకంటె ప్రాచీనమైనది అప్పటికి తెలిసియుండలేదు. ఈ తీరపు పత్తికి తెలుపొక్కటే వన్నె కాదు. లేత గోధుమ, ముదురు గోధుమ, ఊదాఛాయ గల గోధుమ కాయలోనే పుట్టును. లంబాయెకె ప్రాంతపు పల్లెలలో స్త్రీలు ఆ రంగుపత్తిని నేటికిని వడకి నేయుచున్నారు.

లీమాకు దక్షిణమున నున్న పరాకాస్ ద్వీపకల్పమును యాత్రికులు సీల్ జంతువులను చూచుటకు పోవు రేవుగనే యెఱుగుదురు. కాని 1927లో హూలియో టెయ్యో అను పెరూ దేశపు పండితుడు ఇచ్చటి యిసుకలో 429 శవమూటలను కనుగొనెను. చనిపోయిన వానిని కూర్చుండబెట్టి, వస్త్రముపై వస్త్రము చుట్టి, బుట్టలో నుంచి పూడ్చిన ఆ మూటలలోని దుప్పట్లు, నేలలో తేమ లేకపోవుటచే, రెండువేల సంవత్సరములు గడచినను చివుకలేదు, రంగు వెలిసిపోలేదు. గుడ్డపై ఉన్నిదారముతో కాడకుట్టు కుట్టి, ముఖముసుగు ధరించి యెగురుచున్న మానవరూపములను గళ్ళుగళ్ళుగ నింపిరి. రూపమొక్కటే, రంగులు మాత్రము గడిగడికి మాఱి, ఐమూలగ పోవు వరుసలలో మరల మరల వచ్చును. సముద్రతీరమున పుట్టని ఉన్ని ఆ సమాధులలో నుండుట, పర్వతవాసులకును తీరవాసులకును నాడే యిచ్చిపుచ్చుకొనుట లుండెననుటకు సాక్ష్యము. వీనిలో కొన్నింటిని 1930ల ప్రాంతమున దొంగచాటుగ దేశము దాటించిరి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరమునకు చేరినవి 2014 మొదలుగ తిరిగి వచ్చినవి. నాజ్కా గీతలను గూర్చి ప్రతి కరపత్రమును వర్ణించును గనుక నేను వర్ణింపను.

ఇచ్చటినుండి యాత్ర పైకెక్కును. తెలిసిన మార్గదర్శకుడు లీమానుండి విమానములో సూటిగ 3,400 మీటర్ల యెత్తుననున్న కుస్కోకు తీసికొనిపోడు. సుమారు 2,300 మీటర్ల యెత్తున తెల్లని అగ్నిపర్వతశిలతో కట్టిన అరెకీపా నగరమున కొన్నిదినములు నిలిపి, పిమ్మట పూనోకు నడిపించును. తలనొప్పి, ఆయాసము అప్పటికిని పట్టినచో కోకా ఆకుల కషాయ మిప్పించును. అరెకీపా ఉన్ని వర్తకమునకు ముఖ్యస్థానము. ఒంటె జాతికి చెందిన నాలుగు జంతువులు ఈ పర్వతములలో నున్నవి: లామా, ఆల్పాకా సాకుడు జంతువులు, వికూన్యా, గ్వానాకో అడవివి. వికూన్యా ఉన్నిపోగు సుమారు 12 మైక్రానుల సన్నము. ఒక జంతువు రెండుమూడేండ్లకొకసారి ఇచ్చునది పావుకిలోకు మించదు. ఇంకా వంశపు రాజుల కాలమున వేలకొలది జనము చేతులు పట్టుకొని కొండను చుట్టుముట్టి, వికూన్యాలను మధ్యకు తోలి, ఉన్ని కత్తిరించి విడిచిపెట్టెడివారు. తుపాకులు వచ్చిన పిమ్మట చంపి తోలు తీయుట అలవాటై, 1960ల నాటికి ఆ జాతి కొద్దివేలకు దిగజారినది. 1967లో పాంపా గలేరస్ రక్షితప్రదేశము ఏర్పడిన తరువాత పాతపద్ధతి మరల నిలబడినది. ప్రాణము తీయక ఉన్ని తీసికొనుటకు పూర్వులు కనుగొన్న ఆ యుపాయమునకు మించిన రక్షణశాసనము నేటివారును కనుగొనలేదు.

పూనోయొద్ద 3,800 మీటర్ల యెత్తున టిటికాకా సరస్సు కలదు. దానిలోని టకీలే ద్వీపమున నేత ముఖ్యముగ స్త్రీలది, అల్లిక పురుషులది. నడిచెడు పురుషుని చేతులలో సన్నని సూదులాడుచుండును. టోపీ చూచినంతనే ధరించినవాడు వివాహితుడో కాడో తెలియును, పూర్తిగ ఎఱ్ఱనిది వివాహితునిది, పైభాగము తెల్లనిది బ్రహ్మచారిది. స్త్రీలు నేసెడు వెడల్పైన నడికట్టుపై ఏడాది పొడుగునను సాగు వ్యవసాయకార్యములు గుర్తులుగ నుండును. యునెస్కో ఈ ద్వీపపు వస్త్రకళను 2005లో మానవజాతి వారసత్వముగ ప్రకటించినది. ఇంతటితో ద్వీపము మాఱలేదనుకొనరాదు.

కుస్కోకు ఎగువన 3,760 మీటర్ల యెత్తునగల చిన్చేరో గ్రామమున ఆగవలసినంత సేపు ఆగవలెను. ఏలయన, పని మొదటినుండి కడవఱకు కంటియెదుట జరుగుట ఇచ్చట చూడవచ్చును. ఒక వేరును నీటిలో తురుమగా లేచిన నురుగుతో ఉన్నిని కడుగుదురు. పిమ్మట తకిలి వంటి చేతికదురుతో వడకుదురు; ఈ వడకుట పొలమునకు పోవుచు, గొఱ్ఱెలను కాయుచు, పొరుగామెతో మాటలాడుచు జరుగునే గాని, ప్రత్యేకముగ కూర్చుండి చేయు పని కాదు. ఒంటిపేటను వడకినది చాలదు. రెండు పేటలను ఎదురుమెలికతో కలిపి పురిపెట్టి గట్టిచేయుదురు. దీనికి కారణము కలదు: ఈ నేతలో పైకి కనబడునది పడుగే; పేక దాగియుండును. పడుగు పోగులు ఒరసికొని ఒరసికొని కదలుచుండుటచే, పురి తక్కువైనచో ఉన్ని నూగు లేచి ఒకదానికొకటి చిక్కుకొనును.

రంగులలో మిన్న కోచినీల్. నాగజెముడు ఆకులపై బూడిద పూసినట్లు పట్టియుండు పురుగును ఎండబెట్టి నూఱినచో నెత్తుటి ఎఱుపు వచ్చును. పటిక వేసిన నొక ఎఱుపు, నిమ్మరసము పిండిన నారింజవన్నె, ఇనుపలవణము చేరిన ఊదా. ఒక్క పురుగునుండి పదిరకముల ఛాయలు. చిల్కా ఆకు ఆకుపచ్చకు, కొల్యే పువ్వు పసుపునకు. స్పెయిన్‌వారు ఈ అమెరికా ఎఱుపును ఐరోపాకు చేర్చిన పిమ్మట అచ్చటి ప్రభువుల దుస్తులకు, మతాధికారుల అంగీలకు అదియే రంగయ్యెను. నేడు ప్రపంచమున కోచినీల్ అత్యధికముగ పండించు దేశము పెరూయే. మిఠాయిలలో, పెదవిరంగులలో మనకు తెలియకయే దానిని వాడుచున్నాము.

పడుగు తోడుటకు ఇద్దరు కావలెను. నేలలో పాతిన కొయ్యల కిరువైపుల ఎదురెదురుగ కూర్చుండి, దారపుటుండను ఒకరికొకరు విసరుకొనుచు, 8 అంకె ఆకారమున పోగులు చుట్టుదురు; ఆ అడ్డుదాటే సరిపోగులను బేసిపోగులను వేఱుచేయును. మగ్గమన్నచో నాలుగు కఱ్ఱలు, కొంత త్రాడు. ఒక కొనను స్తంభమునకు, రెండవ కొనను నేతగత్తె నడుమునకు కట్టుదురు. ఆమె వెనుకకు వ్రాలిన పడుగు బిగియును, ముందుకు వంగిన సడలును. దేహమే యంత్రములో నొక భాగమైనందున, ఒకరు మొదలుపెట్టిన నేతను మఱొకరు ముగించినచో బిగువులో భేదము తెలిసిపోవును. లామా యెముకను చెక్కి నున్నగ చేసిన మొనతో పోగులను ఎత్తుచు, పేకను దగ్గఱకు కొట్టుదురు; పొందూరు ఖాదీవారు వాలుగచేప దవడపంటితో పత్తిని ఏకుటను చూచినవారికి ఈ యెముక వింతగ తోపదు. రెండు వన్నెల పడుగులో, ఏ చోట ఏ వన్నె పైకి రావలెనో వ్రేళ్ళతో ఏఱి యెత్తవలెను. పైకి రానిది క్రింద నుండునుగావున, వెనుకవైపునను అదే చిత్రము వన్నెలు మాఱి కనబడును. కాగితముపై నమూనా లేదు; లెక్క యంతయు జ్ఞాపకములో నున్నది. బాలికలు సన్నని పట్టీలతో ఆ లెక్కలు నేర్చి, ఏండ్లు గడచిన పిమ్మట భుజముపై కప్పుకొను వస్త్రమునకు పూనుకొందురు.

నాకు మిక్కిలి గొప్పగ తోచునది నాలుగంచుల నియమము. మన మగ్గములమీద వస్త్రమును కోసి దింపుదుము. ఇచ్చట కోయుట లేదు. ఒక కొనన కొంత నేసి, మగ్గమును త్రిప్పి రెండవ కొననుండి నేయుచు వచ్చి, రెండు నేతలు కలియు చోట సందు ఇఱుకై, చివర సూదితో ఒక్కొక్క పేకను దూర్చి పూర్తిచేయుదురు. అందుచే నాలుగు ప్రక్కలను చక్కని అంచు నిలుచును. ఒక్క దారము తెగదు. ఎంత కావలెనో అంతయే నేయుదురు. చిన్చేరోలో పుట్టిన నిల్దా కల్యన్యౌపా మొదలగువారు 1996లో కుస్కోలో సాంప్రదాయిక వస్త్రకేంద్రమును స్థాపించి, కృత్రిమ రంగులు వచ్చి మఱుగుపడిన అద్దకములను, నమూనాలను ముసలివారినుండి అడిగి తెలిసికొని పలు గ్రామములలో మరల పాదుకొల్పిరి.

ఇంకా ప్రభువులకు ఈ వస్త్రము బంగారముకంటె ముఖ్యమైనది. లొంగిన సామంతునకు ఇచ్చు మొదటి కానుక వస్త్రము. సైనికుని జీతము వస్త్రము. దేవతలకు హోమము చేయునదియు వస్త్రమే. సామాన్యుల ముతకనేత వేఱు, ప్రభుత్వము పోషించిన కన్యలును నిపుణులైన పురుషులును నేయు సన్ననేత వేఱు. 1532లో కహమార్కాలో ఇంకా రాజైన అతహువాల్పాను పట్టుకొన్న స్పెయిన్‌వారు కప్పు తాకునంత వస్త్రములతో నిండిన గిడ్డంగులను చూచి వ్రాసియుంచిరి. చూచిరి గాని, వారు వెదకినది బంగారము. పిమ్మట ఆ నేతగాండ్రనే కర్మాగారములలో నిర్బంధించి పని చేయించిరి. 1781లో ఇంకా వంశీయుడైన రెండవ టుపాక్ అమారు తిరుగుబాటును అణచి అతనిని చంపిన పిదప, ఇంకా వంశీయుల పూర్వవేషమునే నిషేధించిరి. బట్టకు భయపడిన ప్రభుత్వము దాని విలువను తెలిసినదే యనవలెను.

చివరి వారము అరణ్యమునకు. ఉకయాలి నదీతీరమున పుకాల్పా పరిసరములలోని షిపీబో జాతి స్త్రీలు గుడ్డపై వ్రాయు కెనే అను గీతలచిత్రములను పెరూ ప్రభుత్వము 2008లో జాతీయ వారసత్వముగ గుర్తించినది. చెట్టుబెరడు కషాయములో గుడ్డను ముంచి యెండబెట్టి, పైన నదిబురద పూయగా, బురదలోని ఇనుము బెరడులోని వగరుతో కలిసి నల్లబడును. శ్రీకాళహస్తి కలంకారీవారు కరక్కాయ పట్టించిన గుడ్డపై ఇనుపనీటితో నలుపు తీయుటయు ఈ రసాయనమే. అరణ్యమునకు పోలేనివారు లీమాలోనే కాంటగాయో పేటలో స్థిరపడిన షిపీబో కుటుంబములను కలిసికొనవచ్చును.

కొనుగోలును గూర్చి ఒక మాట. సంతలలో ఆల్పాకా పేర అమ్మెడు కంబళ్ళలో చాలభాగము కృత్రిమదారపు యంత్రపునేత. త్రిప్పి చూడుడు: వెనుకవైపున పోగులు వ్రేలాడుచున్నచో చేతినేత కాకపోవచ్చును; నాలుగంచులున్నవో, కోసి కుట్టినదో చూడుడు. నెలలకొలది పట్టిన పనికి బేరమాడుట మర్యాద కాదు. యాత్రకు వాన లేని మే మొదలు సెప్టెంబరు వఱకు అనుకూలము. జూనులో పోవువారు, అపురీమాక్ నదిపై నాలుగు గ్రామములవారు ఏటేట గడ్డిత్రాళ్ళతో క్రొత్తగ అల్లెడు కెస్వాచాకా వంతెనను గూడ చూడవచ్చును. యాత్రాపట్టిక కుదుర్చుకొనునప్పుడు చిన్చేరోకు గంట కాక రెండు దినములు అడుగుడు. నేర్చుకొనదలచిన వారికి మగ్గము కట్టి నేర్పించు ఏర్పాటు కుస్కో కేంద్రమున కలదు.