‘శూన్యము’ ఒక పదార్థమా? – ఫ్రెడెగిసస్ లేఖపై విమర్శ

సృష్టికి ముందు ఏమున్నది? ‘ఏమీ లేదు’ అని మనము జవాబిస్తాము. ఆ జవాబునే ప్రశ్నించిన ఒక చిన్న లేఖ కారోలింగియన్ కాలమునుండి మనకు దక్కింది. రచయిత ఫ్రెడెగిసస్ ఆంగ్లో-సాక్సన్ సన్యాసి, ఆల్క్విన్ శిష్యుడు. క్రీ.శ. 804లో గురువు మరణించిన తరువాత టూర్స్‌లోని పరిశుద్ధ మార్టిన్ మఠమునకు అధిపతి అయ్యాడు. 819 నుండి 832 వరకు లూయీ చక్రవర్తికి ఛాన్సలర్‌గా ఉన్నాడు.

అతని వాదన ఇది. మనిషి, రాయి, కర్ర అనే ప్రతి నామవాచకము ఒక వస్తువును సూచిస్తుంది. లాటిన్‌లో ‘నిహిల్’ (ఏమీ కానిది) కూడా నామవాచకమే. కనుక అదీ ఒక వస్తువే. భూమి, నీరు, వెలుగు, దూతలు, ఆత్మలు దానినుండే కలిగాయి గనుక అది గొప్ప వస్తువు. చీకటి కూడా అంతే. ఆదికాండము 1:2 అది ఉన్నదని చెప్పుచున్నది, నిర్గమకాండము 10:21 దానిని చేతికి తెలియునదిగా చూపుచున్నది.

ఈ లేఖలో మెచ్చదగినది ఒకటున్నది. లేఖనములోని మాటను అలంకారమని తేలికగా దాటవేయక, దాని బరువును తూచాడు. చార్లెమేన్ కూడా డుంగల్ అనే పండితుని ఈ వాదనను అక్షరార్థముగానే పరీక్షించమని కోరాడు. అయితే వ్యాకరణములో ఉన్నదంతా సృష్టిలో ఉన్నదనుకొనుట అతని దోషము. ఈ దోషము తెలుగువానికి సులభముగా తెలుస్తుంది. మన ‘ఏమీ’ అనే మాట సాధారణముగా ‘లేదు’ వంటి వ్యతిరేకార్థక పదము తోడు లేకుండా నిలువదు. కంబదూరులో ‘బోరులో ఏమీ లేదు’ అంటే, లోపల ‘ఏమీ’ అనే వస్తువున్నదని ఎవరూ అనుకోరు.

అయినా మన ప్రసంగాలు అదే గుంటలో పడుతున్నాయి. ‘దేవుడు శూన్యములోనుండి సృజించెను’ అంటాము. ‘లోనుండి’ అనగానే వినువారికి శూన్యము ఒక మట్టిముద్దగానో పాత్రగానో తోచును. పైగా ఆదికాండము 1:2లో ‘శూన్యము’ అనేది అప్పటికే ఉన్న భూమి స్థితిని తెలుపు మాట. ‘ఏ పదార్థమూ లేకుండా, తన వాక్కుచేత సృజించెను’ అనుట మేలు. హెబ్రీయులకు 11:3 భావమునకు అదే దగ్గర.

కరవు సీమలో ఇది మాటల పట్టింపు కాదు. లేమి దేవునితోపాటు అనాదిగా ఉన్న ఒక శక్తి అయితే, వాన రాని ఏడు దానిదే రాజ్యము. అది వస్తువు కాదు, దానికి సింహాసనము లేదు. కానీ ఊడలు దిగక ఎండిన వేరుశనగ చేను వాస్తవము, ఆ ఇంటి ఆకలి వాస్తవము. ‘లేమి వస్తువు కాదు’ అని చెప్పి ఆ ఆకలిని తోసివేయు కాపరి ఫ్రెడెగిసస్ కంటె పెద్ద తప్పు చేసినవాడగును. చీకటి దేవుని ఏలుబడికి వెలుపల లేదని యెషయా 45:7 బోధించుచున్నది. చీకటిని లేఖనములో అంత శ్రద్ధగా వెదకిన ఫ్రెడెగిసస్ ఈ మాటయొద్ద ఆగియుంటే, దానిని వస్తువుగా నిరూపించు అవసరమే అతనికి కలిగేది కాదు.