ర్యాపు గీతములును శ్రోతల తీర్పును

పశ్చిమ కర్నూలు సీమయందలి ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములు మూడు భాషలు కలిసిన తావులు. ఆదోని తాలూకా 1953వ సంవత్సరము వఱకు బళ్లారి మండలములో నుండి, ఆ యేడు అక్టోబరు 1వ తేదిని ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు మండలమున జేరినది. ఇచ్చటి పత్తి యంగళ్లలోను, మగ్గముల యిండ్లలోను తెలుగు, కన్నడము, దక్కనీ యుర్దూ నొక్కపూటనే వినవచ్చును. కావున హైదరాబాదునం దైనను, బెంగుళూరునం దైనను, ముంబయియం దైనను క్రొత్త ర్యాపు గీతము వెలువడినచో, దాని నర్థముతో వినగలవా రిచ్చట నుందురు. వినినవారు తీర్పు చెప్పక మానరు. ఆ తీర్పులయందు ఛందశ్శాస్త్రమునకు సంబంధించిన విషయ మొకటి యిమిడి యున్నది. దానిని విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

ర్యాపనగా రాగాలాపమునకు ప్రాధాన్యము లేక, తాళానుగతముగ నుచ్చరింపబడు ప్రాసబద్ధమైన వాక్సరణి. దీనికి మాతృక యగు హిప్‌హాపు సంప్రదాయము 1973వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు పేటలో నల్లజాతి యువజనుల వేడుకలయందు మొలకెత్తినదని చెప్పుదురు. తెలుగువారిలో ననేకులకు దీని పరిచయము చలనచిత్రముల మూలమున గలిగినది. 1994లో వెలువడిన 'కాదలన్' అను తమిళ చిత్రము 'ప్రేమికుడు' అను పేర తెలుగున వచ్చినపుడు, ఏ. ఆర్. రహమాన్ స్వరపఱచిన 'పేట్టై ర్యాప్' గీత మీ సరణిని తెలుగు చెవులకు దెచ్చెను. తరువాత చిత్రములతో సంబంధము లేక యొంటిగా వెలువడు పాటలు, 'సింగిళ్లు' అని వ్యవహరింపబడునవి, బయలుదేఱినవి. రోల్ రైడా, నోయెల్ షాన్ మున్నగువా రీ మార్గమున తెలుగునాట పేరందినవారు. ముంబయిలో డివైన్, నేజీ యనువారు 2015లో వెలువరించిన 'మేరే గల్లీ మే' గీతమును, వారి జీవితములచే బ్రేరితమైన 'గల్లీ బాయ్' అను 2019 నాటి చిత్రమును హిందీ, యుర్దూ లెఱిగిన శ్రోతలలో నీ సరణిని మిక్కిలి వ్యాపింపజేసినవి.

ప్రసిద్ధుల క్రొత్త పాట వెలువడినపుడు శ్రోతల తీర్పులు సాధారణముగ మూడు తెఱగులై యుండును. ఇందు రాగము లేదు గావున నిది పాట కాదని కొందఱు. పాడినవాడు పేరుగన్నవాడు గావున బాగుగ నున్నదనియో, అతని మునుపటి పాటకు సాటిరాదనియో మఱికొందఱు. లయ బాగున్నది గాని మాట తెలియలేదని తక్కినవారు. ఈ మూడింటిలో మొదటి రెండును విచారమునకు నిలువవు. మూడవది మాత్రము గట్టి యాక్షేపము.

రాగము లేనిది పాట కాదనువారు, పాట కానిది సాహిత్యము గాకపోదని మఱచుచున్నారు. తెలుగున దండకము గలదు, రగడ గలదు, లయబద్ధమగు బుర్రకథ వచనము గలదు. 2018లో సంగీత విషయకమగు పులిట్జరు బహుమానము కెండ్రిక్ లామర్ అను ర్యాపు కవి కృతికి లభించినది. శాస్త్రీయ సంగీతమునకును జాజు సంగీతమునకును వెలుపలి కృతి కా బహుమాన మిచ్చుట యదియే ప్రథమము. బహుమానము గుణమునకు బ్రమాణము గాదు. కాని పండితసభలలో నీ వాక్సరణి విచారార్హమైన దనుటకు మాత్ర మది చాలును. ఇక పేరునుబట్టి చేయు తీర్పు మనకు గ్రొత్తది కాదు. తిరుపతి వేంకటకవులకును, కొప్పరపు సోదరకవులకును స్పర్ధ సాగిన దినములలో, పద్యము వినకమున్నె పక్షము వహించిన రసికు లెందఱో యుండిరి. నేడా స్పర్ధ చల్లారినది. నిలిచినవి పద్యములే.

ఇక 'మాట తెలియలేదు' అను నాక్షేపము. దీనికి గారణము వేగమని సామాన్యముగ జెప్పుదురు. ఇది సరిగాదు. బుర్రకథకుడు వేగముగ జెప్పును. చెక్కభజనవారు చెక్కల మ్రోతనడుమ ద్రుతగతిని బాడుదురు. అవధానియు ధారాశుద్ధి గలిగినచో వడిగానే చదువును. వారి మాట జనులకు దెలియుచునే యున్నది. కావున దోషము వేగమునందు గాదు, మాత్రయందు గలదు.

ఆంగ్లమున లయకు మూలము ఊనిక. ఊనిక గల యక్షరము తాళపు దెబ్బపై బడవలెను. రెండు దెబ్బల నడుమ నూనిక లేని యక్షరము లొకటి యున్నను మూడున్నను బాధ లేదు. తెలుగున లయకు మూలము కాలము. లఘు వేకమాత్రము, గురువు ద్విమాత్రము. ఈ భేదము ఛందస్సునకే గాక యర్థమునకును బ్రాణము. 'గది' వేఱు, 'గాది' వేఱు. 'నలుగు' పెట్టుట వేఱు, 'నాలుగు' లెక్కించుట వేఱు. ఆంగ్లపు టూనికను దెచ్చి తెలుగు లఘువుపై మోపినచో లఘువు దీర్ఘమగును. మాట మఱియొక మాట యగును.

లక్ష్యార్థము కల్పింపబడిన యీ పాదద్వయమును జూడదగును:

మగ్గము పలికెడు మాటలు వినరా
ముగ్గుల యంచున మురిపెము గనరా

ఇది మధురగతి రగడ. పాదమునకు నాలుగు చతుర్మాత్రాగణములు, మూడవ గణాద్యక్షరమున యతి, ద్వితీయాక్షర ప్రాసము, అంత్యప్రాసము. ర్యాపునందు సర్వసాధారణమగు నాలుగు దెబ్బల తాళమున కిది యొక్క యక్షరమైనను సాగకయు గుంచింపకయు నమరును. దీనినే ఆంగ్లరీతిని గణాదియం దూనిక మోపి పాడినచో 'పలికెడు' 'పాలికెడు' అగును. 'వినరా' 'వీనరా' అగును. 'గనరా' 'గానరా' అగును. వినువాని మనస్సు వీనులకో గానమునకో పోవును గాని, వినుటకును గనుటకును రాదు. అతడు మాట తెలియలేదనుట న్యాయమే. అతడు గురులఘువుల పే రెఱుగకపోవచ్చును. వాని భంగమును మాత్ర మతని చెవి పట్టినది.

ఇచట నొక పూర్వపక్షము గలదు. త్యాగరాజాదుల కృతులలోను లఘువులు సాగుచున్నవి గదా, వాని కేల దోషము చెప్పరని యడుగవచ్చును. సమాధాన మిది. కృతియందు పల్లవి పలుమాఱు సంగతులతో వచ్చును. సాగిన మాట మఱుక్షణమున మరల దొరకును. పైగా రాగము తానే యర్థమునకు దోడగును. ర్యాపునందు మాట యొక్కమాఱే వచ్చి పోవును. దానికి మాట దక్క వేఱొక యాధారము లేదు. ఆధార మొక్కటియే యైనచోట దానిని జెఱచుట క్షమింపరానిది.

ఈ దోషమునకు ఆంగ్లానుకరణ మొక్కటియే కారణమనరాదు. ఉర్దూ ఛందస్సున బదాంత దీర్ఘమును హ్రస్వముగ లెక్కించు ననుమతి గలదు. అది యా భాషకు శోభయే. హిందీ, యుర్దూ ర్యాపును నిత్యము వినువాడు తెలుగున గూర్చునపుడా యనుమతిని దెలియకయే వెంట దెచ్చికొనుట కవకాశము గలదు. అనువాద చిత్రములలో నటుల పెదవుల కదలికకు దగినట్లు మాట నిముడ్చుటయు నట్టిదే. పరభాషానుకరణమున బదములు వచ్చుట దోషము గాదు. పరభాష కాలము వచ్చి మన మాత్రలపై గూర్చుండుటయే దోషము. ఆంగ్లపదము లెక్కువైనవని పండితులు మొఱపెట్టుచున్నారు గాని, అసలు రోగ మది గాదు.

ఎమ్మిగనూరు నేతకు బేరుగన్న యూరు. మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘముచే బ్రసిద్ధము. మగ్గమెఱిగిన వానికీ విషయము చెప్పనక్కఱలేదు. తాళము పడుగు, మాట పేక. పడుగు బిగువుగ నున్నపుడే పేక తన వరుసలో నిలుచును. పేక కొలత తప్పినచో రంగు లెంత మేలైనవైనను బట్ట నిలువదు.

పాఠశాలా పండితులు చేయదగిన పని యొకటి గలదు. బాలురు నేడు పద్యముకంటె ర్యాపు నెక్కువగ వినుచున్నారు. దానిని నిందించి విడిచినచో వారి చెవి పండితుల చేతినుండి జాఱిపోవును. గురులఘుభేద మొకమాఱు చెవినుండి తొలగెనా, ఏ వ్యాకరణమును దానిని మరల దేజాలదు. అట్లుగాక, విద్యార్థులు మెచ్చిన పాటనే పలకపై వ్రాయించి, గణవిభాగము చేయించి, ఎచట మాత్ర చెడినదో, ఎచట నిలిచినదో వారిచేతనే చెప్పింపవలెను. మధురగతి, హయప్రచార, ద్విరదగతులు వారికి బాఠముగాక వాడుక యగును. అప్పుడు 'బాగున్నది', 'బాగులేదు' అను మాటలకు మాఱుగ 'ఈ గణమున లఘువు సాగినది' అని చెప్పగల శ్రోతలు పుట్టుదురు. అట్టి శ్రోతలు గలచోట గాయకుడెంత ప్రసిద్ధుడైనను జాగరూకుడు గాక తప్పదు. ఈ విషయమును సహృదయులు విచారింతురు గాక.