చెయ్యి గుర్తుంది, చందా మరిచాం

షోయబుల్లాఖాన్ పేరు నేను మొదట చదివింది ఉర్దూలో కాదు, తెలుగులో. మా కలకడలో మేం ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో చదివింది తెలుగు. మసీదులో అలీఫ్, బే దిద్దినా పేపరు చదివేంత ఉర్దూ నాకు అబ్బలేదు. ఈ సీమలో చాలామంది సాయిబుల పిల్లల సంగతి ఇంతే. కాబట్టి ఒక ఉర్దూ సంపాదకుడి చావు గురించి నాకు తెలుగువాళ్లు చెప్తేనే తెలిసింది.

ఆ మొదటి వ్యాసంలో ఒక నరికిన చెయ్యి ఉంది. తర్వాత చదివిన ప్రతి వ్యాసంలోనూ అదే చెయ్యి. వర్ధంతి సభల్లో అదే, పాఠాల్లో అదే, కవితల్లోనూ అదే. ఆ చెయ్యి ఏ పత్రిక నడిపింది, ఏ డబ్బుతో నడిపింది, ఏ సర్కారు ఆ పత్రికను ఎట్లా సతాయించింది అని అడిగితే మాత్రం రెండు వాక్యాలకు మించి దొరకవు. ఈ లోపం చిన్నది కాదు. మనం ఎవర్ని తలుచుకుంటున్నాం, దేన్ని మరిచిపోతున్నాం అనేది అందులో బయటపడుతుంది.

తెలిసిన సంగతులు చూద్దాం. షోయబుల్లాఖాన్ 1920లో పుట్టాడు. 'తేజ్' అనే వారపత్రికలో పని మొదలుపెట్టాడు. దాన్ని నిజాం సర్కారు నిషేధించింది. మందుముల నరసింగరావు నడిపే 'రయ్యత్' దినపత్రికలో చేరాడు. 1947లో దాన్నీ నిషేధించింది. అప్పుడు ఇంట్లో ఉన్న బంగారం అమ్మి, బూర్గుల రామకృష్ణారావు లాంటివాళ్ల సాయం తీసుకుని సొంత పత్రిక పెట్టాడని చెప్తారు. అదే 'ఇమ్రోజ్'. 1947 నవంబర్ 15న మొదలైంది. హైదరాబాద్ సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలనీ, రజాకార్ల దౌర్జన్యం ఆగాలనీ రాసింది. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే కాచిగూడ దగ్గర ఆయన మీద కాల్పులు జరిపారు. చెయ్యి నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ చెయ్యి కూడా నరికారు. తెల్లారేసరికి షోయబుల్లాఖాన్ ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు.

ఇమ్రోజ్ బతికింది తొమ్మిది నెలల చిల్లర. ఆయనతోనే అదీ పోయింది.

ఇప్పుడు ఆయన్ని తలుచుకునేవాళ్ల సంగతి. లౌకికవాదులకు షోయబుల్లాఖాన్ ఒక సర్టిఫికెట్. 'చూడండి, ముస్లింలలో కూడా ఇలాంటివాళ్లు ఉన్నారు' అంటారు. ఆ 'కూడా' అన్న మాట మా చెవుల్లో ములుకులా దిగుతుంది. ఆయన ఒంటరి మినహాయింపు కాడు. 1948 ఆగస్టులోనే ఏడుగురు ముస్లింలు, సంస్థానం యూనియన్‌లో కలవాలని సంతకాలు పెట్టి ప్రకటన ఇచ్చారు. దాన్ని ఇమ్రోజ్ అచ్చువేసింది. ఆ ఏడుగురి పేర్లు మన వ్యాసాల్లో ఎంతమందికి గుర్తున్నాయి? ఒక్క మంచి ముస్లిం చాలు, ఎక్కువమంది ఉంటే కథ పాడవుతుంది.

ఇక మనవాళ్లు. చాలామంది ముస్లింలకు ఆయన పేరెత్తడానికి మొహమాటం. నిజాంకు ఎదురు రాసినవాడు మనవాడెట్లా అవుతాడని లోపల ఒక గుంజాటన. ఆయన్ని ఎవరికో వదిలేశాం. వాళ్లు తీసుకుపోయి తమకు కావలసిన చోట నిలబెట్టుకున్నారు. ఇప్పుడు ఆయన మనవాడు కాదని ఎవరైనా అంటే తప్పెవరిది?

ఈ రెండు పక్షాలూ ఒక విషయంలో ఒక్కటే. రెండింటికీ కావలసింది మనిషి చావు. పత్రిక బతుకు ఎవరికీ అక్కర్లేదు. కానీ చెయ్యి నరకడం చివరి పని. అంతకు ముందు చేసే పనులు వేరే ఉంటాయి. వాటికి రక్తం కారదు, సభలు జరగవు. డిపాజిట్ కట్టమంటారు. కట్టినది జప్తు చేస్తారు. లైసెన్సు ఇవ్వరు. కాగితం ఇవ్వరు. ప్రింటరును భయపెడతారు. కోర్టుకు తిప్పుతారు. చిన్న పత్రికలు ఎక్కువగా చచ్చేది ఇట్లానే.

దీనికి మౌలానా ఆజాద్ 'అల్ హిలాల్' కంటే మంచి ఉదాహరణ లేదు. 1912లో కలకత్తా నుంచి మొదలైన ఆ ఉర్దూ వారపత్రికను 1910 ప్రెస్ చట్టం కింద పట్టుకున్నారు. మొదట రెండు వేల రూపాయల జామీను. దాన్ని జప్తు చేసి పది వేలు అడిగారు. 1914 నవంబర్‌లో పత్రిక ఆగిపోయింది. అదే చట్టం, సరిగ్గా అవే అంకెలు 1916లో మద్రాసులో కనిపిస్తాయి. అనీబిసెంట్ 'న్యూ ఇండియా' దినపత్రికకు రెండు వేలు జామీను, ఆపైన జప్తు, ఆపైన పది వేలు. ఆమె ఆ పది వేలు కట్టింది. పత్రిక నడిచింది. ఆమె పెట్టిన కాలేజీ మాకు దగ్గర్లో మదనపల్లెలో ఉంది, 1915లో పెట్టింది. ఆమె వెనక ఒక సమాజం, దాని సభ్యులు, వాళ్ల డబ్బు ఉన్నాయి. ఆమె ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. జైలుకు వెళ్లడానికి మౌలానా వెనకాడినవాడూ కాదు. నేను చెప్పేదల్లా ఒకటే, చట్టం ఇద్దరికీ సమానం, సంచీ సమానం కాదు.

తెలుగు పత్రికల చరిత్ర కూడా ఇదే చెప్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం పెట్టి, 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక' వారపత్రిక పెట్టాడు. 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశాడు. తలనొప్పి మందు డబ్బు వెనక ఉంది గనక పత్రిక తలనొప్పులు తట్టుకుంది. ప్రకాశం పంతులు 1921లో పెట్టిన 'స్వరాజ్య' వెనక ఆయన వకీలుగా సంపాదించిన డబ్బు ఉంది. అదంతా కరిగించి చివరికి పత్రికనూ పోగొట్టుకున్నాడు. పంతులు గారి గుండెకు తుపాకీ ఎదురైన కథ ప్రతి పిల్లవాడికీ తెలుసు. స్వరాజ్య అప్పుల కథ ఎందరికి తెలుసు? తుపాకీ, చెయ్యి, ఇవే మనకు చరిత్ర. జమాఖర్చు చరిత్ర కాదు.

జమాఖర్చు ఎందుకు ముఖ్యమో 1948 సెప్టెంబర్ చెప్తుంది. ఇమ్రోజ్ ఆగిన నెల లోపే పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత సంస్థానం పల్లెల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను చూసి రమ్మని నెహ్రూ పండిత్ సుందర్‌లాల్‌ను పంపాడు. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని ఆ కమిటీ అంచనా వేసింది. ఆ కమిటీలో ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్నాడు. ఆయన హైదరాబాద్‌లో 'పయామ్' అనే ఉర్దూ దినపత్రిక నడిపిన సంపాదకుడు. ఒక సంపాదకుడు కళ్లారా చూసి సంతకం పెట్టిన నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. అది ఢిల్లీలో చదవడానికి దొరుకుతోందన్న వార్త 2013లో గాని రాలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. రజాకార్ల గురించి నిర్భయంగా రాసిన ఇమ్రోజ్ ఆ సెప్టెంబర్‌లో బతికి ఉంటే ఏం రాసేది? ముస్లింల చావుల మీద దాని మాటను ఎవరూ రజాకార్ల ప్రచారమని తోసిపుచ్చలేకపోయేవారు. ఆ మాట అనగల అర్హత దానికే ఉంది. కానీ ఆ పత్రిక ఒక్క మనిషి మీద, ఒక్క ఇంటి బంగారం మీద నిలబడింది. మనిషి పోగానే పోయింది. రజాకార్లు ఒక మనిషిని చంపారు. ఆ పత్రికను మళ్లీ నిలబెట్టలేకపోవడం మాత్రం రజాకార్ల పని కాదు. దాన్ని మెచ్చుకున్న వాళ్లందరి పని.

నిలబడ్డవి లేవా అంటే ఉన్నాయి. 1949 ఆగస్టు 15న ఆబిద్ అలీఖాన్, మహబూబ్ హుసేన్ జిగర్ హైదరాబాద్‌లో 'సియాసత్' పెట్టారు. అంత దెబ్బ తిన్న ఏడాదికే పెట్టారు. అది ఈనాటికీ వస్తోంది. చదివేవాళ్లు రోజూ కొంటే పత్రిక నిలబడుతుందని చెప్పడానికి అది చాలు.

స్వతంత్రం వచ్చాక చట్టం మారలేదా అంటారు. కొంత మారింది, అదీ కొట్లాడితే. 1950లో మద్రాసు ప్రభుత్వం బొంబాయి నుంచి వచ్చే 'క్రాస్‌రోడ్స్' వారపత్రికను రాష్ట్రంలోకి రానివ్వకుండా ఆపింది. మా కలకడ అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్లి మే 26న గెలిచాడు. మరుసటి ఏడాదే రాజ్యాంగాన్ని సవరించి ప్రభుత్వం కొత్త అంకుశం తెచ్చుకుంది. 1867లో తెల్లవాళ్లు చేసిన ప్రెస్ రిజిస్ట్రేషన్ చట్టం 2024 ఫిబ్రవరి దాకా మన నెత్తిన ఉంది. మార్చి నుంచి 2023 చట్టం వచ్చింది. పరువునష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరమే, 2016లో సుప్రీంకోర్టు కూడా దాన్ని ఉంచమంది. పెద్ద పత్రికకు కోర్టు కేసంటే ఒక వకీలు జీతం. చిన్న పత్రికకు అది పత్రిక మూత.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1990ల చివర మా ప్రాంతంలో ఒక బడిపంతులు చిన్న మాసపత్రిక నడిపాడు. ఆయన మన సాయిబే. వక్ఫ్ భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయి, దూదేకుల వాళ్లను మనం ఎందుకు దూరం పెడతాం, ఇట్లాంటివి రాసేవాడు. హిందువులకూ కోపం తెప్పించాడు, మనకూ తెప్పించాడు. ఒక పెద్దమనిషి పరువునష్టం నోటీసు పంపించాడు. కేసు వెయ్యలేదు, వేస్తానన్నాడు, అంతే. దానికే ప్రింటరు ఇక అచ్చువెయ్యనన్నాడు. మరో ఊరికి వెళ్తే ముందే డబ్బు కట్టమన్నారు. అంగళ్లలో పెట్టిన కాపీల డబ్బు తిరిగి రాలేదు. ఏడాది చందా కట్టినవాళ్లకు మిగిలిన సంచికలు బాకీ పడ్డానని ఆయన ఒక్కొక్కరికీ కార్డు రాశాడు. ఆయన చెయ్యి ఎవరూ నరకలేదు. అందుకే ఆయన మీద ఒక్క వ్యాసమూ లేదు.

ముస్లిం అస్తిత్వం గురించి మనం ఎన్నో కవితలు రాశాం, సంకలనాలు వేశాం. మంచిదే. ఒకరు ఇల్లు తాకట్టు పెట్టి, ఇంకొకరు జీతం పెట్టి వేసినవే అవన్నీ. సంకలనం ఏడాదికొకసారి వస్తుంది. అన్యాయం రోజూ జరుగుతుంది. రోజూ చెప్పే గొంతు ఉండాలంటే దాని వెనక చందాదారుల జాబితా ఉండాలి, ఊరికి పదిమంది కట్టే డబ్బుండాలి, ఫీజు అడగని వకీలుండాలి, నోటీసుకు బెదరని ప్రింటరుండాలి. అవి లేకుండా 'మా గొంతు నొక్కేశారు' అని ఎంత రాసినా సగం నిజమే. మిగతా సగం మనం డబ్బు కట్టకపోవడం. లౌకిక మిత్రులకూ ఇదే మాట. ఆగస్టు 22న షోయబుల్లాఖాన్‌కు దండ వెయ్యండి, వద్దనను. ఆ దండ ఖరీదుతో బతికున్న ఒక చిన్న పత్రికకు చందా కూడా కట్టండి. అందులో మీకు నచ్చని మాట వచ్చినా మరుసటి ఏడాది మళ్లీ కట్టండి.

ఆ పంతులు పత్రిక పది కాపీలు కలకడ బస్టాండు అంగట్లో పెట్టించింది నేనే. ఏడు నెలల డబ్బు అంగడాయన నాకిచ్చాడు. రేపిస్తాను, మాపిస్తాను అనుకుంటూ నేను పంతులుకు ఇవ్వలేదు. ఈలోగా పత్రిక ఆగిపోయింది. ఆయన ఇప్పుడు లేడు. నరికిన చెయ్యి గురించి సభల్లో మాట్లాడినప్పుడల్లా నాకు ఆ ఏడు నెలల డబ్బు గుర్తొస్తుంది.