ఐదో టికెట్టు

వేసవి వచ్చిందంటే న్యూజెర్సీలో మన తెలుగు ఇళ్లకు అమ్మానాన్నలు దిగుతారు. జెట్‌లాగ్ తీరీ తీరకముందే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, వీళ్లకి న్యూయార్క్ చూపించాలి. సిటీపాస్ తీసుకోమంటావా, టికెట్లు విడివిడిగా కొనమంటావా?" తెలిసినవాళ్లందరికీ ఈ లెక్కలు చూసిపెట్టే పని నాకెలా అంటుకుందో గానీ, నాకది సరదాగానే ఉంటుంది. అవుననీ కాదనీ వెంటనే చెప్పను. "పాస్ అనేదే లేదనుకో. వాళ్లకి ఏమేం చూపిస్తావో ముందు కాగితం మీద రాయి" అంటాను. పాస్ చూశాక రాసే జాబితాలో మన ఇష్టం కన్నా అమ్మేవాడి ఇష్టమే ఎక్కువుంటుంది.

న్యూయార్క్ సిటీపాస్‌లో ఐదు చోట్లకు ప్రవేశం, వాడటం మొదలుపెట్టాక తొమ్మిది రోజుల గడువు. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఖాయం. టాప్ ఆఫ్ ద రాక్, లిబర్టీ విగ్రహం ఫెర్రీ, 9/11 మ్యూజియం వంటి వాటిలో మూడు మనం ఎంచుకోవాలి. ఈ మధ్య ధర 150 డాలర్ల పైచిలుకు ఉంటోంది. విడిగా కొంటే ఎంపైర్ స్టేట్ 40 దాటుతుంది, నేచురల్ హిస్టరీ మ్యూజియం 30, ఫెర్రీ పాతిక దరిదాపు, 9/11 మ్యూజియం 35 చుట్టూ. నాలుగూ కలిపినా పాస్ ధరకు ఇంకా కిందే ఉన్నాం. మరో 40 పైన పెట్టే టాప్ ఆఫ్ ద రాక్ కూడా ఎక్కితే అప్పుడు ఆదా మొదలవుతుంది. అంటే పాస్‌లో లాభమంతా ఐదో టికెట్టులోనే ఉంది.

ఆ ఐదోది ఎవరికి కావాలి? టాప్ ఆఫ్ ద రాక్ మీద నిలబడితే ఎంపైర్ స్టేట్ ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి ఫొటోల పిచ్చి ఉన్న కుర్రాళ్లకు కావాలి. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారికి మాత్రం నిన్న ఒక మేడ మీంచి చూసిన ఊరినే ఇవాళ ఇంకో మేడ మీంచి చూడటం, మళ్లీ క్యూ, మళ్లీ బ్యాగుల తనిఖీ. పాస్ చేతిలో ఉన్నా తనిఖీ తప్పదు.

ఆయన వయసు కూడా లెక్కలోకి రావాలి. నేచురల్ హిస్టరీ మ్యూజియంలో సీనియర్లకు 24 డాలర్లే. ఫెర్రీలోనూ వయసు తగ్గింపు ఉంది. పాస్‌లో పెద్దలకొక ధర, పిల్లలకొక ధర, అంతే. ఇక్కడే ఉంటున్న కొడుకు సంగతి ఇంకో రకం. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ నివాసులు ఆ మ్యూజియం కౌంటర్‌లో గుర్తింపు కార్డు చూపించి తోచినంత ఇచ్చి లోపలికి వెళ్లొచ్చు. పాస్ కొంటే ఆ సౌకర్యాన్ని తనే వదులుకున్నట్టు. ఒకే ఇంట్లో నలుగురికీ ఒకే పాస్ కొనాలన్న రూలేమీ లేదు. ఎవరి లెక్క వాళ్లకి వేయాలి.

డాలర్లు సరిపోయాక గంటలు లెక్కపెట్టాలి. ఫెర్రీ టికెట్టుతో లిబర్టీ విగ్రహమే కాదు, 1892 నుంచి 1954 దాకా కోటికి పైగా వలస జనం దాటొచ్చిన ఎల్లిస్ ఐలాండ్ కూడా చూడొచ్చు. కొడుకు వలస వచ్చిన దేశంలో అక్కడి హాలు చూసి తండ్రి కాసేపు కూర్చుండిపోతే, ఆ పూట గడిచిపోయినట్టే. పాస్ ఉన్నవాడు గడియారం చూస్తాడు. ఫుల్ మీల్స్ టోకెన్ కొన్నవాడు ఆకలి తీరాక కూడా ఇంకో గరిటె వేయించుకున్నట్టు, ఇంకో చోటికి పరుగు పెడతాడు.

పైగా పెద్దవాళ్లకు బాగా నచ్చేవి చాలావరకు పాస్‌లో ఉండవు. స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉచితం, విగ్రహం పక్కగానే వెళ్తుంది. 9/11 స్మారక జలాశయాల దగ్గర టికెట్ లేదు, మ్యూజియానికే ఉంది. బ్రూక్లిన్ వంతెన మీద నడకకూ డబ్బులక్కర్లేదు. ఫ్లషింగ్‌లో 1977లో వెలసిన గణేశుడి గుడికి తీసుకెళ్లి, కింద క్యాంటీన్‌లో దోశ తినిపిస్తే, ఊరెళ్లాక దాని గురించే ఎక్కువ చెబుతారు.

సబ్‌వేలో పద్ధతి చూడండి. ఒకే కార్డు తాకిస్తూ పోతే, వారంలో 12 ప్రయాణాలకు డబ్బు పట్టాక మిగతావి ఉచితం. ఎన్నిసార్లు ఎక్కుతామో ముందే ఊహించక్కర్లేదు, తిరిగాక లెక్క అదే తేలుతుంది. సైట్‌సీయింగ్ పాస్ దీనికి తలకిందులు. మన ఓపిక మీద మనమే ముందుగా పందెం కాయాలి.

పందెం గెలిచేవాళ్లూ ఉన్నారు. మొదటిసారి వచ్చి, మూడు నాలుగు రోజుల్లో ఖరీదైన చోట్లన్నీ చుట్టేయాలనుకునే పాతికేళ్లవాళ్లకు కళ్లు మూసుకుని తీసుకోమనే చెబుతాను. అమ్మానాన్నల విషయంలో మాత్రం తేడా మనిషికి ఇరవై డాలర్లలోపు తేలితే విడి టికెట్లే కొనమంటాను. మధ్యాహ్నం రెండింటికి అమ్మ "ఇక చాలురా, ఇంటికి పోదాం" అంటే మారు మాట్లాడకుండా రైలెక్కడానికి ఆ ఇరవై డాలర్లు ఎక్కువేం కాదు.