గాజు పెట్టెలో గట్టు తగాదా

అక్వేరియం దుకాణంలో రెండంగుళాల ఆస్కార్ పిల్లను చూసి ముచ్చటపడని వాళ్లు అరుదు. నలుపు మీద తెల్లటి చారలు, ఒంటికి మించిన కళ్లు, గాజు మీద వేలు ఆనిస్తే ఎదురొచ్చే చనువు. కొనేవాళ్లు జతకని రెండు అడుగుతారు. పనిలో పనిగా నాలుగు గప్పీలు, రెండు ఏంజెల్ చేపలు కూడా కట్టమంటారు. ‘ఏం పర్లేదన్నా, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే ఏమీ చేసుకోవు’ అంటాడు అమ్మే అబ్బాయి. తిండీ నీళ్లూ సరిగ్గా అందితే ఆ పిల్ల ఏడాది తిరిగేసరికి పది అంగుళాలకు చేరుతుంది. ఈలోపు గప్పీలు ఒక్కొక్కటే కనబడకుండా పోతాయి, ఏంజెల్ రెక్కలు పీలికలవుతాయి. ఆఖరికి ఆస్కార్లు రెండే మిగిలి, ఒకటి రెండోదాన్ని మూలకు నెట్టేస్తుంది. దానికి రాక్షసి చేప అన్న పేరు ఖాయమయ్యేది అప్పుడే.

ఆస్కార్ లాంటి పెద్ద సిక్లిడ్‌లను ఏళ్ల తరబడి పెంచినవాళ్లు ఈ పేరుకు ఒప్పుకోరు. కోపం వాటి పుట్టుకతో వచ్చింది, దాన్ని మాన్పించే మందు లేదు. ఆ కోపం ఎవరి మీదికి పోవాలి, ఎంతసేపు ఉండాలి, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం పెంచేవాడి చేతిలో ఉంటుంది. తోడు చేపలను ఎంచడంలో ఉన్న విద్యంతా ఇదే.

సిక్లిడ్ కుటుంబం మనకు పరాయిది కాదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, బజారులో జిలేబీ చేప పేరుతో అమ్మేది, ఈ కుటుంబానిదే. పులికాట్ సరస్సులో దొరికే కరిమీను కూడా అంతే. కేరళ ప్రభుత్వం 2010లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. చాలా చేపలు గుడ్లు విడిచి తమ దారిన తాము పోతాయి. సిక్లిడ్‌లు పోవు. అమెరికా ఖండాల నదుల్లోని పెద్ద జాతుల్లో ఎక్కువ వాటికి తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలాదారులే. ఒక రాయినో దుంగనో నోటితో శుభ్రం చేస్తాయి, గుడ్లు పెడతాయి, రెక్కలతో నీళ్లు విసురుతూ ఉంటాయి. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక వారాల తరబడి గుంపును వెంటేసుకుని తిరుగుతాయి. పిల్లలున్నచోట హద్దు కావాలి, హద్దున్నచోట తగువు తప్పదు. గట్టు తగాదా పడ్డ రైతులిద్దరూ చీకటి పడితే ఎవరింటికి వాళ్లు పోతారు. నదిలో ఓడిన చేప కూడా అంతే, నాలుగు బారలు అవతలికి ఈదితే గొడవ సద్దుమణుగుతుంది. నాలుగడుగుల గాజు పెట్టెలో ఆ నాలుగు బారలు ఎక్కడి నుంచి వస్తాయి? ఓడినది గెలిచినదాని కళ్లెదుటే ఉండాలి, రాత్రీ పగలూ. అది ఇంకా లొంగలేదనుకుని గెలిచినది మళ్లీ మళ్లీ మీద పడుతుంది. ట్యాంకుల్లో చేపలు చచ్చేది ఎక్కువగా మొదటి పోట్లాటలో కాదు, ఆ తర్వాత ఆగని తరుములాటలో.

జంతువుల ప్రవర్తన మీద చేసిన పరిశోధనకు 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ ఇంట్లో అక్వేరియాలు పెట్టుకున్నవాడే. దూకుడు స్వభావం గురించి 1963లో వేసిన పుస్తకంలో ఆయన సిక్లిడ్ జంటల సంగతి రాశాడు. మన దక్షిణాది నీళ్లలో ఉండే నారింజ రంగు క్రోమైడ్ కూడా ఆయన చూసిన చేపల్లో ఉంది. ఒక జంటను ఒంటరిగా ఉంచితే మగది ఆఖరికి తన ఆడదాని మీదే పడుతుంది. అదే ట్యాంకులో తిట్లు తినడానికి ఇంకో చేప ఉంటే కాపురం సవ్యంగా సాగుతుంది. నడుమ గాజు పలక నిలబెట్టి అవతల మరో జంటను ఉంచినా ఇదే ఫలితం. పలకకు నాచు పట్టి పొరుగువాళ్లు మసకబారితే ఇంట్లో గొడవ మొదలయ్యేది, గాజు తుడిస్తే మళ్లీ సర్దుకునేది. కోపం లోపల ఊరుతూ పోతుందన్న ఆయన సిద్ధాంతాన్ని తర్వాతి శాస్త్రజ్ఞులు చాలామంది తప్పుపట్టారు. సిద్ధాంతం ఎలా ఉన్నా ఆ గాజు పలక చిట్కాను మాత్రం పెంపకందార్లు ఇప్పటికీ వదల్లేదు. జంట గుడ్లకు వచ్చినప్పుడు ట్యాంకుకు అడ్డంగా పలకో జాలీయో దించడం నేటికీ మామూలు పనే.

ఇక చోటు సంగతి. మన దుకాణాల్లో ట్యాంకును అడుగుల్లో కొలుస్తారు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నదాంట్లో 255 లీటర్ల దాకా పడతాయి. ఒక్క ఆస్కార్‌కు అది సరిపోతుంది, రెండోదానికి సరిపోదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తయితే 680 లీటర్లు. అప్పుడే తోడు చేపల మాట ఎత్తాలి. హద్దులు గీసుకునేది నేల మీద గనుక ఎత్తు పెంచి లాభం లేదు. నాలుగడుగుల ట్యాంకు అడుగు ఆరు చదరపు అడుగులు, ఆరడుగులదానికి పన్నెండు. హాల్లో అందంగా ఉంటుందని ఎత్తైన సన్నటి ట్యాంకు చేయించుకునేవాళ్లు చేపకు ఇచ్చేది గోడే, నేల కాదు. ఆరడుగుల ట్యాంకులో నీళ్ల బరువే ఆరేడు వందల కిలోలుంటుంది, స్టాండు కట్టేవాడికి ముందే చెప్పాలి.

తోడుగా ఏ చేపను వేయాలన్న ప్రశ్నకు మొదటి జవాబు నోరు చెబుతుంది. పెద్దదాని నోట్లో పట్టేది తోడు కాదు, తిండి. నోట్లో పట్టేవే కాదు, గొంతులో ఇరుక్కునేవీ ఉన్నాయి. కోరిడోరాస్ అనే చిన్న క్యాట్‌ఫిష్‌ను ఆస్కార్ మింగబోతే దాని ముళ్లు నిటారుగా బిగుసుకుంటాయి, మింగినదీ మింగబడినదీ రెండూ పోతాయి. రెండో సంగతి పోలిక. తన రంగు, తన ఒడ్డూపొడుగూ ఉన్న చేపను చూస్తేనే సిక్లిడ్‌కు ఒళ్లు మండుతుంది. 1919 నుంచి 1926 దాకా హెవీవెయిట్ ప్రపంచ విజేతగా ఉన్న బాక్సర్ జాక్ డెంప్సీ పేరు పెట్టుకున్న మధ్య అమెరికా సిక్లిడ్ ఒకటుంది. దాన్ని దాని సైజే ఉన్న మరో మధ్య అమెరికా మగ చేపతో కలిపితే పేరు నిలబెట్టుకుంటుంది. రంగు ప్రభావం ఎంతదో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జ్ బార్లో చూపించాడు. నికరాగువా సరస్సుల్లోని మైడాస్ సిక్లిడ్‌లలో ఎక్కువ భాగం బూడిద రంగువి, కొద్ది శాతం బంగారు రంగువి. సమాన సైజులో రెండింటినీ తలపడనిస్తే బంగారు రంగుది నెగ్గడమే ఎక్కువ. కాబట్టి ఒకే జాతి కదా అని, రంగుకొకటి చొప్పున కొనేవాళ్లు కాస్త ఆలోచించాలి.

ఆస్కార్‌కు నా లెక్కలో మొదటి తోడు సిల్వర్ డాలర్ల గుంపు. అరచేతంత వెండి బిళ్లలు, ఆకులు మేసే జాతి, ట్యాంకు మధ్య నీళ్లలో తిరుగుతాయి, నేల జోలికి రావు. అయిదారు కలిసి వేసినప్పుడు ఆస్కార్ దేని వెంట పడాలో తేల్చుకోలేక మానుకుంటుంది. ఇంకో ఉపయోగం ఉంది. బిడియపడి మూల దాక్కున్న పెద్ద చేప, గుంపు నిర్భయంగా బయట తిరగడం చూస్తే ప్రమాదం లేదని గ్రహించి తానూ బయటికి వస్తుంది. ఇందులో ఒక తమాషా. ఆస్కార్ తోక మొదట్లో ఉండే కంటి మచ్చ, తోక కొరికే పిరానాలను బోల్తా కొట్టించడానికే ఏర్పడిందని చెబుతారు. ఈ సిల్వర్ డాలర్లు ఆ పిరానాల చుట్టాలే, మన చేపల బజారులోని రూప్‌చంద్‌కూ చుట్టాలే. అట్లాగని రూప్‌చంద్ పిల్లను తెచ్చి వేయకూడదు, ఆరడుగుల ట్యాంకును కూడా అది మిగల్చదు.

సిక్లిడ్‌లలోనే తోడు కావాలంటే సెవెరం మేలు. గుండ్రటి ఒళ్లు, నెమ్మది స్వభావం, అవసరమైతే ఎదురు నిలబడేంత బలం. ఎర్ర ప్యారట్ చేప కూడా ఆస్కార్‌తో నెగ్గుకొస్తుంది. 1980లలో తైవాన్‌లో పుట్టించిన ఈ సంకరానికి నోరు సరిగ్గా మూసుకోదు, కోపమొచ్చినా గట్టిగా కొరకలేదు. పెంచేవాడికి అనుకూలమైన లోపమే, అయినా లోపాన్ని అందంగా అమ్ముకోవడం నాకు నచ్చదు. అడుగున ఉండటానికి సక్కర్ చేపను అందరూ వేస్తారు. దాని ఒంటి మీది గట్టి పలకలకు ఆస్కార్ పళ్లు ఆనవు. అయితే దానికి వేరుగా తిండి పెట్టకపోతే రాత్రిపూట పెద్ద చేపల ఒంటి జిగురును నాకడానికి అలవాటు పడుతుంది. లైటు ఆర్పాక రెండు కీరా ముక్కలు వేస్తే చాలు. గోల్డ్‌ఫిష్ మాత్రం తోడుగానూ వద్దు, మేతగానూ వద్దు. దానికి చల్లటి నీళ్లు కావాలి, దాని మాంసంలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, రోగాలు తెచ్చే భయం సరేసరి.

కొత్త చేపను దించేటప్పుడు ఒక పద్ధతి పాటించాలి. అందరికంటే కోపిష్టిని అన్నిటికంటే ఆఖరున వేయాలి. ముందే వేస్తే ట్యాంకంతా తనదని రాసేసుకుంటుంది. పాత చేప అప్పటికే ఉంటే రాళ్లూ కర్రలూ అన్నీ తీసి చోటు మార్చి పెట్టాలి, పాత హద్దులు చెరిగిపోయి అన్నీ కొత్తగా మొదలుపెడతాయి. పాతవాటికి కడుపు నిండా పెట్టి, లైటు ఆర్పి, కొత్తదాన్ని వదలాలి. రాళ్లను ఇసుక మీద పేర్చకూడదు. ఈ చేపలు నోటితో ఇసుక తవ్విపోస్తాయి, కింద గుల్లయిన రాయి గాజు మీదికి ఒరుగుతుంది. ముందు రాయి, ఆ తర్వాత ఇసుక. ఒక చివర నుంచి చూస్తే రెండో చివర కనబడకుండా రాళ్లు నిలబెడితే, తరిమే చేపకు శత్రువు కనుమరుగై, సగం తగాదాలు అక్కడే తెగుతాయి.

మొప్పలు విప్పడం, పక్కకు తిరిగి తోకతో నీళ్లు కొట్టడం, మూతులు కరిచిపట్టుకోవడం బలాబలాల పరీక్షలు. కాసేపు చూడవచ్చు. భయపడాల్సిన దృశ్యం వేరే ఉంది. ఒక చేప రెక్కలు ముడుచుకుని, రంగు మాసి, పై మూలలో ఫిల్టర్ గొట్టం వెనక నిలబడి తిండికి కూడా రావడం లేదంటే అది ఓడిపోయిందని అర్థం. ఇంకో రోజు చూద్దామనుకోకుండా వెంటనే వేరు చేయాలి.

ఫ్లవర్‌హార్న్ విషయంలో ఈ పాఠాలేవీ పనికిరావు. 1990లలో మలేసియాలో సంకరం చేసి పుట్టించిన ఈ చేప, నెత్తి మీది బుడిపె పెద్దదైతే అదృష్టమన్న నమ్మకంతో మన ఇళ్ల హాళ్లలోకీ, దుకాణాల కౌంటర్ల మీదికీ వచ్చింది. వాస్తు సంగతి నమ్మేవాళ్ల ఇష్టం. దాన్ని ఒంటరిగా ఉంచడమే దానికీ ఇతర చేపలకూ క్షేమం. గాజుకు ఇవతల తిరిగే మనుషులే దానికి కాలక్షేపం, కోపమొచ్చినా మీద పడేది వాళ్ల మీదే.

నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఫిల్టర్‌లో మంచి బాక్టీరియా కుదురుకోవడానికి నెలా నెలన్నర ఆగాలి. ఆ తర్వాత వారానికోసారి మూడో వంతు మార్చాలి, కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీసేయాలి. మే నెలలో వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది గనుక, కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు పెద్ద చేపల ఇంట్లో తప్పనిసరి.

పెద్ద సిక్లిడ్‌కు నిజమైన ఖర్చు రెండో ట్యాంకు. ఓడిన చేపకూ, గుడ్లకు వచ్చిన జంటకూ, పొరపాటున తెచ్చినదానికీ అదే దిక్కు. అది లేనివాళ్లు ఇమడని చేపను సంచిలో వేసుకుని ఊరి చెరువు దారి పడుతున్నారు. ఆ దారినే వెళ్లిన సక్కర్ చేప ఇవాళ ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప పేరుతో పెరిగి, పలకల ఒంటితో మత్స్యకారుల వలలు చింపుతోంది. అమ్మిన దుకాణానికి తిరిగి ఇస్తే డబ్బు రాకపోవచ్చు గానీ, చేపను మాత్రం చాలామంది తీసుకుంటారు.