మెడను ముట్టకుండా మెడ బిగువు విప్పే పనితనం

ఎమ్మిగనూరులో గుంట మగ్గం ముందు కూర్చున్న నేతన్న చూపు పొద్దస్తమానం పడుగు మీదే ఉంటుంది. ఎక్కడ పోగు తెగినా వెంటనే పట్టుకోవాలి గనుక తల ముందుకు వంగే ఉంటుంది. ఆదోని పత్తి మార్కెట్లో వీపున మూట పడగానే హమాలీ మెడ బిర్రబిగుస్తుంది. మాధవరం వైపు పత్తి తీసే ఆడవాళ్లు సాలు చివరిదాకా వంచిన తల ఎత్తరు. సాయంత్రానికి అందరిదీ ఒకటే మాట: మెడ పట్టేసింది. పని బరువు దిగినా అప్పు వాయిదా, ముఖం చాటేసిన వాన, పిల్లల ఫీజు దిగవు. అవీ వచ్చి ఆ మెడ మీదే కూర్చుంటాయి.

ఇలాంటి మెడకు పనికొచ్చే ఒక చిన్న పద్ధతి జిల్లా కేంద్రమైన కర్నూలు నుంచే ఊరూరికీ పాకింది. కోరమాండల్ ఫెర్టిలైజర్స్ ఉద్యోగిగా అక్కడ ఉన్న సుభాష్ పత్రి 1990లో కర్నూలు స్పిరిచ్యువల్ సొసైటీ మొదలుపెట్టారు. మరుసటి ఏడు అదే ఊళ్లో పిరమిడ్ ధ్యానమందిరం లేచింది. బౌద్ధుల ఆనాపానసతిని ఆయన ‘శ్వాస మీద ధ్యాస’ అనే మూడు మాటల్లో జనానికి అందించారు. 2022లో ఆయన కన్నుమూసినా ఆ మాట మిగిలింది. పిరమిడ్ శక్తి గురించి ఆ సంస్థ చెప్పే సంగతులు పక్కన పెట్టి, పద్ధతిని మాత్రం విడదీసి చూద్దాం.

సూచనలు కొన్నే. నేల మీదో కుర్చీలోనో హాయిగా కూర్చోవాలి. కాళ్లు ఒకదానిపై ఒకటి వేసుకోవాలి. రెండు చేతుల వేళ్లు కలిపి ఒళ్లో పెట్టుకోవాలి. కళ్లద్దాలు తీసి కళ్లు మూసుకోవాలి. దానంతట అది నడిచే శ్వాసను గమనించాలి. వయసు ఎంతో అన్ని నిమిషాలు అలా కూర్చోవాలి. ఇందులో మెడ ఊసే లేదు. కానీ ఒక్కో సూచనా మెడ మోసే పనుల్లో ఒక్కోదాన్ని దించేస్తుంది.

మొదటి పని తలను నిలబెట్టడం. పెద్దవాళ్ల తల సుమారు 5 కిలోలుంటుంది. దాన్ని మోసేవి 7 వెన్నుపూసలు. నెత్తిన బిందె నిటారుగా ఉన్నంతసేపు ఎముకలే మోస్తాయి, ఒరిగితే కండరాలు పట్టి లాగాలి. తల సంగతీ అంతే. తల 60 డిగ్రీలు వంగితే మెడపై పడే భారం 27 కిలోల దాకా చేరుతుందని అమెరికా వెన్నెముక వైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో లెక్కగట్టారు. హాయిగా, వెన్ను నిలిపి కూర్చుంటే ఈ భారం తిరిగి ఎముకల మీదికి వెళుతుంది.

రెండో పని చేతులను మోయడం. ఒక్కో చెయ్యి ఒంటి బరువులో ఇంచుమించు 20వ వంతు. 60 కిలోల మనిషికి రెండు చేతులూ కలిపి 6 కిలోలు. పుర్రె వెనుక నుంచి భుజం దాకా పరుచుకున్న ట్రపీజియస్ కండరం ఈ బరువును పైకి పట్టి ఉంచుతుంది. వేళ్లు కలిపి చేతులు ఒళ్లో పెట్టగానే ఆ బరువు తొడల మీదికి దిగుతుంది.

మూడోది చూపు. పుర్రె కింద, మెడ మొదట్లో ఉండే చిన్న కండరాలు కళ్ల కదలికకు తోడు నడుస్తాయి. కన్ను ఒక పక్కకు తిరిగితే తల కదలకపోయినా అవి సిద్ధమవుతాయి. కళ్లు మూస్తే వెతకాల్సిన పోగు ఉండదు, వాటికీ తీరిక దొరుకుతుంది.

నాలుగోది శ్వాస. పనితనమంతా ఇక్కడే ఉంది. నిమిషానికి 12 నుంచి 16 చొప్పున రోజుకు సుమారు 20 వేల శ్వాసలు. వీటిలో పెద్ద పని ఊపిరితిత్తుల కిందుండే ఉదరవితానం (డయాఫ్రం) అనే కండరానిది. అది కిందికి దిగితే ఊపిరితిత్తులు నిండుతాయి, పొట్ట ముందుకు వస్తుంది. దాన్ని నడిపే ఫ్రెనిక్ నాడి బయలుదేరేది మాత్రం మెడలోనే, 3, 4, 5 మెడ నాడుల నుంచి. భయం, కోపం, దిగులు పట్టినప్పుడు శ్వాస పైపైకి ఎగబాకుతుంది. అప్పుడు మెడ వెన్నుపూసల నుంచి మొదటి రెండు పక్కటెముకలకు దిగే స్కేలీన్ కండరాలు, చెవి వెనుక నుంచి కాలర్ ఎముక దాకా సాగే కండరం ప్రతి శ్వాసకూ ఛాతీని పైకి లాగాల్సి వస్తుంది. అటు ట్రపీజియస్ కూడా ఊరుకోదు. చేతులు కదపకుండా మనసుకు కష్టమైన లెక్కలు చేయించినా దానిలో విద్యుత్ చలనం పెరగడాన్ని పరిశోధకులు కొలిచారు.

అలాగని గట్టిగా పీల్చితే సరిపోదు. బలవంతంగా పీల్చేది కూడా ఆ మెడ కండరాలే, పైగా తల తిరుగుతుంది. అందుకే ఈ పద్ధతి ‘పీల్చు’ అనదు, ‘గమనించు’ అంటుంది. గమనిస్తూ ఉంటే శ్వాస మెల్లగా తనంతట తానే నెమ్మదిస్తుంది, పొట్టలోకి దిగుతుంది. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు వేగస్ నాడి దాన్ని నెమ్మది చేస్తుంది. వదలడం ఎంత నిదానమైతే శరీరానికి అంత నిమ్మళం. ఆనాపానసతి సూత్రంలోని 16 మెట్లలో మొదటి నాలుగూ ఇదే వరస: పొడవు శ్వాసను పొడవుగా, పొట్టి శ్వాసను పొట్టిగా తెలుసుకోవడం, ఒళ్లంతా ఎరుకలోకి తెచ్చుకోవడం, ఆపైన ఒంటి కదలికలను చల్లబరచడం. చల్లబరచడం ముందు కాదు, చివర.

పక్కనే మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి నామం జపించేవాళ్లు ఇదే చోటికి మరో దారిన చేరతారు. మాట పలికేది ఊపిరి వదిలేటప్పుడే గనుక జపం సాగినకొద్దీ వదలడం పొడవవుతుంది. 2001లో ఇటలీ పరిశోధకులు ‘ఓం మణి పద్మే ఓం’ అనిపించినా, క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిన్‌లో చదివించినా శ్వాస నిమిషానికి 6కు దగ్గరగా వచ్చింది.

ధ్యాస మధ్యలో అప్పు మీదికో వాన మీదికో పోతుంది. పోయిందని తెలియగానే శ్వాస దగ్గరికి తెచ్చుకోవడమే అభ్యాసం. ఆ దిగులుతో పాటు భుజాలు ఎప్పుడు పైకి లేచాయో కూడా అప్పుడే తెలుస్తుంది. తెలిసిన భుజం దిగుతుంది.

చేయి తిమ్మిరెక్కినా, పట్టు సడలినా, దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. మగ్గం ఎత్తునూ మూట బరువునూ ధ్యానం మార్చలేదు. అది మార్చేది, పని ఆగాక కూడా ఆగని మెడ కష్టాన్ని. నేతన్న మగ్గం ముందు నుంచి లేవకముందే చేతులు ఒళ్లో పెట్టి, కళ్లు మూసి కూర్చుంటే చాలు, మొదలుపెట్టడానికి ఇంకే సరంజామా అక్కర్లేదు.